క్యాంపస్ కంచు విగ్రహం: ఒంటి మీద పచ్చ చారలు, దిమ్మె మీద గోధుమ మరక. పాలిష్ పెట్టవచ్చా?

ప్రాంగణ_నిర్వహణ

అందరికీ నమస్కారం. విశ్వవిద్యాలయ పరిపాలనా భవనం ముందున్న విగ్రహం గురించి సలహా కావాలి.

చారిత్రక పురుషుడి నిలువెత్తు కంచు విగ్రహం, ఎత్తు 2.4 మీటర్లు. పోత పోసినది, లోపల డొల్ల. ఎడమ చేతిలో తెరిచిన పుస్తకం, భుజం మీంచి పాదాల దాకా జారిన శాలువా. కాంక్రీటు దిమ్మెకు చుట్టూ గ్రానైటు పలకలు. ప్రతిష్ఠించి 22 ఏళ్ళు.

ప్రస్తుత పరిస్థితి: భుజాలు, ఛాతీ మీద లేత పచ్చ చారలు. పుస్తకం కింద, శాలువా మడతల్లో నల్లటి పెచ్చు. కుడి బూటు కొన బంగారంలా మెరుస్తోంది, అందరూ ముట్టుకుని వెళ్తారు కాబట్టి. మోచేతి కింద గుండుసూది తలంత లేత పచ్చ పొడి చుక్కలు వరసగా ఉన్నాయి. ఎడమ మడమ దగ్గర గ్రానైటు మీద మాత్రం మరక గోధుమ రంగులో ఉంది, వాన వెలిసిన రెండు మూడు రోజులకు కూడా అక్కడ తడి ఆరడం లేదు.

స్నాతకోత్సవానికి ఆరు వారాలుంది. ఇత్తడి పాలిష్‌తో మెరిపించి పైన క్లియర్ లక్కర్ (పారదర్శకమైన పూత) కొట్టించాలని ప్రతిపాదన వచ్చింది. సరైన పనేనా?

---

లోహశాస్త్రం

పాలిష్ ఆలోచన దయచేసి ఆపించండి. మీరు చూస్తున్న గోధుమ, నలుపు, పచ్చ పొరలు మురికి కావు, లోహం పైభాగమే మారి ఏర్పడిన చర్మం. కంచులోని రాగి మొదట ఎర్రటి గోధుమ ఆక్సైడ్ అవుతుంది, ఆ పైన గాలిలోని గంధకం వల్ల పచ్చటి క్షార సల్ఫేట్ కడుతుంది. దీన్ని బ్రోకాంటైట్ అంటారు, మైలుతుత్తానికి దగ్గరి చుట్టం. గట్టిగా అంటుకుని, నున్నగా, సమంగా ఉన్నంతవరకు అది లోపలి లోహాన్ని కాపాడుతుంది. పాలిష్‌లో ఉండే రాపిడి పొడి దాన్ని గీకేస్తుంది. శిల్పి చెక్కిన జుట్టు పాయలు, బట్ట నేత గుర్తులు కూడా కొంత పోతాయి, అవి తిరిగి రావు. పైగా మడతల్లో చిక్కుకున్న పాలిష్ తెల్లగా ఎండిపోయి ఏళ్ళ తరబడి కనిపిస్తుంది.

వాన నీరు ఎప్పుడూ ఒకే దారిన జారుతుంది. ఆ దారిలో పొర కరిగి లేత పచ్చ తేలుతుంది. వాన తగలని మడతల్లో దుమ్ము, మసి పేరుకుని నల్లబడుతుంది. మీ విగ్రహం మీది చారలు ఇవే. వీటిని సమం చేయవచ్చు కానీ అది అందం కోసం చేసే పని, ప్రమాదమేమీ లేదు.

ప్రమాదం మీరు చివర రాసిన రెండింటిలో ఉంది: పొడి చుక్కలు, గోధుమ మరక.

---

పోతపని

పై మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను. ముందు చూడాల్సింది మడమ దగ్గరి గోధుమ మరకనే.

కంచుకు పట్టేది చిలుము, అది పచ్చగానే కారుతుంది. గోధుమ రంగులో కారేది తుప్పు. అంటే లోపల ఇనుము ఉంది. మూడు చోట్ల ఉండవచ్చు: నిలబెట్టడానికి లోపల పెట్టిన యాంగిల్ ఫ్రేము, దిమ్మెలోకి దిగిన బోల్టులు, పోతపోసేటప్పుడు లోపలి గుండును (విగ్రహం డొల్లగా రావడానికి లోపల పెట్టే అచ్చు ముద్దను) కదలకుండా పట్టుకునే ఇనుప మేకులు. ఈ మేకుల్ని పోత అయ్యాక పీకి, ఆ కన్నాల్లో అదే లోహపు బిరడాలు బిగించాలి. తొందరలో పైపైన కోసి వదిలేస్తే కొన్నేళ్ళకు ఒంటి మీద నాణెమంత గోధుమ మచ్చలు తేలతాయి. మీకు మచ్చలు లేవు, కింద మరకే ఉంది కాబట్టి ఫ్రేమో బోల్టులో అయివుంటాయి.

ఇనుము, కంచు తడిలో తగిలి ఉంటే ముందు ఇనుమే తుప్పు పడుతుంది. పెద్ద కంచు వైశాల్యానికి చిన్న ఇనుప ముక్క ఎదురైతే తుప్పు మరింత వేగం. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఇరుకు చోట్లో అతుకుల్ని విప్పేంత బలం దానికుంది.

వాన వెలిసిన రెండు మూడు రోజులకూ తడి ఉందంటే లోపల నీరు నిలిచి ఉంది. ఇవి చూసి చెప్పండి:
- అంచు వెనక వైపు, అన్నిటికన్నా కింద, నీరు పోయే కన్నం ఉందా?
- రబ్బరు సుత్తితో మోకాలి ఎత్తున, నడుము ఎత్తున మెల్లగా తట్టండి. మోగుతోందా, ధబ్‌మంటోందా?
- బలమైన అయస్కాంతాన్ని మెత్తని బట్టలో చుట్టి కాళ్ళ చుట్టూ జరపండి. కంచుకు అంటుకోదు. లోపల ఇనుము దగ్గరగా ఉంటే లాగినట్టు తెలుస్తుంది.

---

ప్రాంగణ_నిర్వహణ

చూశాం. నీరు పోయే కన్నం ఎక్కడా లేదు, అడుగు చుట్టూ సిమెంటు పూసేశారు. నడుము దగ్గర మోగుతోంది. మోకాలి కింద ధబ్‌మంటోంది. ఎడమ కాలి వెనక అయస్కాంతం లాగుతోంది.

---

దిమ్మె_ఇంజనీరు

మోకాలి దాకా కాంక్రీటు నింపారన్నమాట. విగ్రహం ఊగకూడదని చాలాచోట్ల చేసే తప్పు ఇది. కాంక్రీటు నీటిని పట్టి ఉంచుతుంది, అందులోని ఇసుకతో ఉప్పు వస్తే లోహాన్ని తినే క్లోరైడ్ అక్కడే కూర్చుంటుంది, బోల్టుల్ని ఎవరూ చూడలేరు, విగ్రహాన్ని విప్పే దారి మూసుకుపోతుంది.

అసలు అంత బరువు అవసరమే లేదు. 6 మిల్లీమీటర్ల మందం కంచు చదరపు మీటరుకు 53 కిలోల దాకా తూగుతుంది. 2.4 మీటర్ల శాలువా విగ్రహం పైవైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు. అంటే 260 నుంచి 300 కిలోలు. నాలుగు 20 మిల్లీమీటర్ల 316 రకం స్టెయిన్‌లెస్ కడ్డీలు, 300 మిల్లీమీటర్లు దిమ్మె లోపలి కాంక్రీటులోకి ఎపాక్సీ జిగురుతో దింపితే మామూలుగా నిలుస్తుంది. మీ చోటి గాలి వేగానికి లెక్క మాత్రం వేయించుకోండి. కడ్డీ దిగాల్సింది కాంక్రీటులోకి. గ్రానైటు పలక అలంకారానికే, దానిమీద భారం పెడితే పగులుతుంది. స్టెయిన్‌లెస్, కంచు తగిలేచోట నైలాన్ వాషరు వేయాలి.

అడుగున పూసిన సిమెంటే నీటికి ఆనకట్ట. దిమ్మె పైతలం బయటికి వాలుగా ఉండి, అంచు కింద రెండు మూడు చోట్ల వేలు దూరేంత సందు ఉంటే నీరు దానంతటదే పోతుంది.

ఇనుప బోల్టులు ఏం చేస్తాయో పెద్ద ఉదాహరణే ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో లోరాడో టాఫ్ట్ చేసిన ఆల్మా మేటర్ కంచు విగ్రహ సమూహాన్ని 1929లో ఆవిష్కరించారు. లోపలికి నీరు దిగి, ముక్కల్ని బిగించిన బోల్టులు తుప్పు పట్టాయి. 2012లో విప్పి తీసుకెళ్ళి, స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, 2014లో తిరిగి నిలబెట్టారు. అది చారిత్రక వ్యక్తి బొమ్మ కాదు, కానీ రోగం మీదే.

---

పోతపని

ఆరు వారాల్లో కాంక్రీటు తీయడం మొదలుపెట్టకండి. అది విగ్రహాన్ని దింపి, పడుకోబెట్టి, చిన్న ఉలితో లోపలినుంచి చేయాల్సిన పని. బయట డ్రిల్లు సుత్తి అదురుకు అతుకులు చిట్లుతాయి. ఇప్పుడు చేయగలిగింది నీటిని బయటికి పంపడం:

1. అడుగు చుట్టూ పూసిన సిమెంటును వెనక వైపు 40 మిల్లీమీటర్ల మేర చేతి ఉలితో తొలగించండి.
2. కాంక్రీటు పైమట్టం కనుక్కోండి. సుత్తి శబ్దం మారే గీతే అది. ఆ గీతకు కొద్దిగా పైన, వెనక మడతలో, ముందు 3 మిల్లీమీటర్ల కన్నం వేయండి. నీరుంటే వస్తుంది, సీసాలో పట్టండి.
3. అదే కన్నాన్ని 8 మిల్లీమీటర్లకు పెంచండి, బయటికి వాలు ఉండాలి. అంచు నునుపు చేసి మైనం రాయండి.
4. దాంట్లోంచి బోర్‌స్కోపు కెమెరా (సన్నని కన్నంలో దూరేది) పంపి ఫోటోలు తీయండి.

పైన ఎక్కడైనా సందు కనిపించి సిలికోన్ పెట్టాలనుకుంటే న్యూట్రల్ రకమే వాడండి. పులుపు వాసన వచ్చే సిలికోన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రాగిని తింటుంది.

పుస్తకం గురించి ఒక మాట. చేతిలో తెరిచిన పుస్తకమున్న చాలా విగ్రహాల్లో రెండు పుటలు కలిసే గాడిలో నీరు నిలుస్తుంది, ఆకు పడి కుళ్ళుతుంది. గ్లాసెడు నీళ్ళు పోసి చూడండి. నిలిస్తే ఆ గాడిని బయటి అంచు వైపు కొద్దిగా వాలుగా చెక్కించాలి. పుస్తకం డొల్ల పెట్టెలా పోసి ఉంటే అడుగున దానికంటూ 5 మిల్లీమీటర్ల కన్నం కావాలి. గాడిలోంచి కిందికి కన్నం వేస్తే మాత్రం నీటిని మీరే లోపలికి పంపినట్టవుతుంది.

---

మైనంపూత

స్నాతకోత్సవం నాటికి కళగా కనిపించాలంటే కడగడం, మైనం, ఈ రెండే చాలు.

కడగడం: లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల నాన్ అయానిక్ డిటర్జెంట్. సహజ కుచ్చు బ్రష్షు, మడతలకు పళ్ళ బ్రష్షు. పైనుంచి కిందికి, మామూలు గొట్టంతో. ప్రెషర్ వాషరు వద్దు, సన్నని రంధ్రాల్లోకి నీటిని కొడుతుంది. పక్షి రెట్టను గీకకండి, తడి గుడ్డ అరగంట కప్పి ఉంచితే మెత్తబడి వస్తుంది. ఇనుప పీచు, వైరు బ్రష్షు అసలు ముట్టుకోవద్దు, విరిగిన ఇనుప నలకలు అక్కడే తుప్పు చుక్కలవుతాయి. ఆఖరి కడుగుడు ఖనిజాలు లేని నీటితో, నురుగు పూర్తిగా పోయేదాకా. ఒక రోజంతా ఆరనివ్వండి.

మైనం: మైక్రోక్రిస్టలైన్ మైనంలో (పెట్రోలియం నుంచి తీసే సన్న స్ఫటికాల మైనం) కొంత పాలిథిలిన్ మైనం కలిపి, మినరల్ టర్పెంటైన్‌లో మెత్తబరచిన పేస్టు. 5 చదరపు మీటర్లకు అర కిలో చాలు. ప్రొపేన్ మంటతో ఒకసారి రెండు అరచేతులంత మేర వేడి చేయాలి, 90 నుంచి 110 డిగ్రీలు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూసుకుంటూ. బ్రష్షుతో తాకించగానే మైనం కరిగి పీల్చుకుపోవాలి. పొగ వస్తే వేడి ఎక్కువైంది. తెల్లగా ముద్దలా ఉండిపోతే తక్కువైంది. చల్లారాక రెండో పూత వేడి లేకుండా పలచగా రాసి, మెత్తని బట్టతో రుద్దండి. లేత పచ్చ చారలు వేడి మైనానికి ముదురు రంగు తిరుగుతాయి, తేడా సగం అక్కడే సమం అవుతుంది.

మోకాలి కింద మాత్రం మంట పెట్టకండి. లోపల తడి కాంక్రీటు ఉంది, ఆవిరి పుడితే పోయే దారి లేదు. అక్కడ చల్లని మైనమే.

---

లక్కర్_పక్షం

మైనం ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ పూయాలి. ఇన్‌క్రాలాక్ లాంటి యాక్రిలిక్ లక్కరు మూడు నుంచి ఐదేళ్ళు నిలుస్తుంది, అందులో రాగి తినుకుపోకుండా ఆపే బెంజోట్రయజోల్ కూడా కలిసే ఉంటుంది. నిర్వహణకు మనుషులు దొరకని చోట లక్కరే మేలని నా అభిప్రాయం.

---

మైనంపూత

మీరు చెప్పిన కాలపరిమితి నిజమే. కానీ లక్కరు గీరుకుపోయిన చోట నీరు దాని అడుగుకు పాకుతుంది, పైకి పొర బాగానే కనిపిస్తూ కింద తీగల్లా చిలుము అల్లుకుంటుంది. తీయాలంటే ద్రావకం జెల్ పూసి మొత్తం కడిగేయాలి. అందరూ ముట్టుకునే విగ్రహానికి గీతలు తప్పవు. పైగా లోపలి తడి సంగతి తేలకుండా లక్కరుతో మూసేస్తే మళ్ళీ తీయక తప్పదు. మైనం అరిగినచోట గుడ్డతో పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. ఏటా ఒకసారి నీళ్ళు చల్లండి: గుండ్రటి బిందువులుగా నిలిస్తే మైనం ఉన్నట్టు, పలచగా పరుచుకుపోతే పోయినట్టు.

ఎవరూ అందుకోలేని ఎత్తున్న విగ్రహమైతే ముందు లక్కరు, దానిపై మైనం వేయడం మంచి పద్ధతే. అక్కడ మీతో పేచీ లేదు.

---

చరిత్ర_విద్యార్థి

బూటు కొన సంగతి ఎవరూ మాట్లాడలేదు. దాన్ని మళ్ళీ గోధుమ రంగుకు తేవాలా?

---

లోహశాస్త్రం

అక్కర్లేదండి. చేతుల చెమట ఉప్పు, రాపిడి కలిసి పొర నిలవనివ్వవు. రంగు వేసినా కొద్ది నెలల్లో మళ్ళీ మెరుస్తుంది, ప్రతిసారీ మంట, రసాయనం వాడటమే ఎక్కువ హాని. 6 మిల్లీమీటర్ల మందంలో చేతులు తినేది చాలా స్వల్పం. ఆ చోట నెలకోసారి మైనం చాలు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ హార్వర్డ్ విగ్రహం ఎడమ బూటు కొన, పారిస్‌లో సోర్బాన్ విశ్వవిద్యాలయం ఎదుట కూర్చున్న ఫ్రెంచి రచయిత మాంటేన్ విగ్రహం పాదం, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్ ప్రాంగణంలో లింకన్ విగ్రహం ఎడమ పాదం, అన్నీ అలా మెరిసేవే.

---

చరిత్ర_విద్యార్థి

జాన్ హార్వర్డ్ విగ్రహం మాట వచ్చింది కాబట్టి, పీఠం మీది ఫలకం గురించి ఒకటి చెప్పాలి. డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ చేసిన ఆ విగ్రహాన్ని 1884లో ఆవిష్కరించారు. పీఠం మీద ‘జాన్ హార్వర్డ్, వ్యవస్థాపకుడు, 1638’ అని ఉంటుంది. కళాశాల నెలకొన్నది 1636లో. ఆయన స్థాపకుడు కాదు, మరణిస్తూ సొమ్ములో సగం, పుస్తకాలు ఇచ్చిన దాత. ఆయన చిత్రం ఒక్కటీ మిగల్లేదు కాబట్టి శిల్పి వేరే యువకుణ్ణి ఎదుట కూర్చోబెట్టుకుని ముఖం చేశాడు. ఇన్నేళ్ళయినా మార్గదర్శకులు అక్కడ నిలబడి విగ్రహంలోని ఈ మూడు తప్పుల గురించే చెబుతారు.

మీరు కొత్త ఫలకం పెట్టించేటట్టయితే, పోతపోసే ముందు పుట్టిన ఏడాది, బిరుదు, పేరు వర్ణక్రమం చరిత్ర విభాగం చేత సంతకం పెట్టించుకోండి. ముఖం ఊహించి చేసినదైతే ఆ సంగతీ ఫలకం మీద ఒక వాక్యం రాస్తే చూసేవారికి నిజం చెప్పినట్టవుతుంది. ఆ ఒక్క వాక్యానికి విగ్రహం గౌరవం తగ్గదు.

---

ప్రాంగణ_నిర్వహణ

కన్నం వేశాం. మూడు లీటర్ల నీరు వచ్చింది, టీ రంగులో. కెమెరాలో ఎడమ కాలి వెంబడి 50 మిల్లీమీటర్ల యాంగిల్ ఇనుము కనిపిస్తోంది, పొరలు పొరలుగా విచ్చుకుంది. తొడ లోపలి గోడకు తెల్లటి పిండి లాంటిది అంటుకుని ఉంది. మోచేతి చుక్కల సంగతి కూడా చెప్పండి.

---

పోతపని

తెల్లటిది పోత గుండు మిగులు, జిప్సం మిశ్రమం. పోత అయ్యాక పూర్తిగా దులపాలి, దులపలేదు. అది స్పంజిలా తడి పట్టి ఉంచుతుంది. విగ్రహాన్ని దింపినప్పుడే తీయించండి.

మోచేతి దగ్గర చుక్కలు వరసగా ఉన్నాయన్నారు. వరస అంటే అతుకు. చేయి విడిగా పోసి వెల్డింగ్ చేసిన గీత అది. 85 పాళ్ళ రాగి, 5 చొప్పున తగరం, సీసం, జింక్ ఉండే మామూలు విగ్రహ కంచులో సీసం వల్ల వెల్డింగ్ కుదురుగా రాదు, బుడగలు మిగులుతాయి. అందుకే సిలికాన్ కంచు కడ్డీ వాడతారు. కానీ అది వేరే రంగు తిరుగుతుంది, ఏళ్ళు గడిచాక గీత బయటపడుతుంది.

---

లోహశాస్త్రం

ఆ పొడి క్లోరైడా కాదా తేల్చుకోవడం తేలిక. సూదితో కొంచెం గీకి, పలచని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క వేయండి. పెరుగులా తెల్లటి తెట్టు కడితే క్లోరైడ్ ఉంది. రసాయనశాస్త్ర విభాగం అరగంటలో చేసిపెట్టగలదు. బయటికొచ్చిన నీటినీ ఇలాగే పరీక్షించండి.

క్లోరైడ్ అయితే అది ‘కంచు జబ్బు’. గుంతలో దాగిన రాగి క్లోరైడ్ తేమ, గాలి తగలగానే పచ్చ పొడిగా మారుతూ ఆమ్లాన్ని విడుస్తుంది, ఆ ఆమ్లం కొత్త లోహాన్ని తిని మళ్ళీ క్లోరైడ్ చేస్తుంది. పైకి తుడిచేస్తే ఆగదు. చేయాల్సింది: భూతద్దం కింద సన్నని కత్తి మొనతో గుంతను మెరిసే లోహం దాకా శుభ్రం చేయడం, ఆల్కహాల్‌లో 3 శాతం బెంజోట్రయజోల్ ద్రావణం కుంచెతో రెండు మూడుసార్లు నింపడం, ఆరాక వేడి మైనం. చేతి తొడుగులు, ముక్కుకు తగిన మాస్కు తప్పనిసరి. ఆ ద్రావణం మట్టిలోకో కాలువలోకో పోకుండా కింద ప్లాస్టిక్ పరవండి. ఆల్కహాల్ పూర్తిగా ఆరేదాకా మంట దగ్గరికి రానివ్వకండి.

---

పోతపని

క్లోరైడ్ లేకపోతే అవి ఒట్టి బుడగ కన్నాలు. పుట్టీ పెట్టి రంగు పూయించకండి, రెండు వేసవులకు ఊడి వస్తుంది. ఒక్కోదాన్ని 2.5 మిల్లీమీటర్లకు తొలిచి, మర తిప్పి, అదే మిశ్రమం కంచు మేకు బిగించి, తల కోసి, చిన్న సుత్తితో అదిమి, పక్కనున్న బట్ట గీతలతో కలిసేలా చెక్కాలి. ఈ పనికి వెల్డింగ్ వేడి అక్కర్లేదు, రంగు తేడా రాదు. పదిహేను ఇరవై చుక్కలంటే ఒక నేర్పరికి రెండు రోజుల పని.

---

దిమ్మె_ఇంజనీరు

గ్రానైటు మరకలు రెండు రకాలు, రెంటికీ ఒకే మందు పనికిరాదు. పచ్చ మరకకు అమ్మోనియం కార్బొనేట్ చిక్కటి ద్రావణంలో కాగితపు గుజ్జు నానబెట్టి, వేలు మందాన పట్టువేసి, పాలిథిన్ కప్పి ఒక రోజు ఉంచండి. తర్వాత కప్పు తీసి పూర్తిగా ఎండనిచ్చి, చెక్క పలకతో తీసి కడగండి. గోధుమ మరకకు సోడియం సిట్రేట్ ద్రావణంతో అదే పద్ధతి. రెండు మూడు విడతలు పట్టవచ్చు. అమ్మోనియా కంచుకు శత్రువు, కాబట్టి విగ్రహం అంచుకు ముందే ప్లాస్టిక్ చుట్టి టేపు వేయండి. గ్రానైటు క్లీనర్ల పేరుతో వచ్చే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం రకాలు పాలిష్‌ను శాశ్వతంగా మందగింపజేస్తాయి, మనుషులకూ అపాయం.

---

ప్రాంగణ_నిర్వహణ

కడగడం, మైనం స్నాతకోత్సవానికి ముందు. దింపి ఫ్రేము మార్చడం తర్వాత. ఈ రెండు విడతలకూ అనుమతి అడుగుతున్నాం. దింపే పని వివరణ పత్రంలో ఏమేం రాయాలి?

---

దిమ్మె_ఇంజనీరు

ముందు నలువైపులా ఫోటోలు, కొలతలు, బోర్‌స్కోపు చిత్రాలు జతచేయండి. ఎత్తేటప్పుడు వెడల్పాటి నైలాన్ పట్టీలే, గొలుసులు వద్దు. పట్టీ చంకల కింద, నడుము కింద పడాలి. మెడకు, చాచిన చేతికి, పుస్తకానికి ఎప్పుడూ కాదు. తగిలిన ప్రతిచోటా మందపాటి ఫెల్టు. క్రేను బరువు లెక్కలో మోకాలి దాకా కాంక్రీటు, ఇనుప ఫ్రేము కలపండి. 300 కిలోలు అనుకుని వచ్చిన యంత్రం 700 కిలోలు ఎత్తాల్సి రావచ్చు. బోల్టులు తిరగవు, అడుగు సందులో పొడవాటి రంపపు బ్లేడుతో కోయాలి, కాబట్టి కోసేటప్పుడు విగ్రహం క్రేను పట్టులోనే ఉండాలి.

---

పోతపని

దానికి ఇవి చేర్చండి: కొత్త ఫ్రేము 316 స్టెయిన్‌లెస్, కంచు గోడకు తగిలేచోట నైలాన్ దిండ్లు. గుండు మిగులు, కాంక్రీటు పూర్తిగా తొలగించి లోపల ఫోటోలు ఇవ్వాలి. నీటి కన్నాలు కనీసం మూడు. లోహం మిశ్రమం నివేదిక కావాలి, కానీ ఎక్స్‌రే యంత్రాన్ని బయటి చిలుము మీద పెట్టిన లెక్క చెల్లదు. అడుగు అంచు లోపలి వైపు నాణెమంత చోటు మెరిసేదాకా గీకి అక్కడ లెక్క తీయాలి. జింక్ బాగా ఎక్కువగా ఉంటే అది ఇత్తడి, దానికి వెల్డింగ్ కడ్డీ వేరు, రంగు రసాయనాల మోతాదు వేరు. ఆ కాగితం చేతికి రాకముందు ఏ అతుకూ వేయనివ్వకండి.